అమెరికా యూనివర్సిటీలో ఫ్రెష్‌మన్ రైటింగ్ కోర్సు చెప్పడం: కొత్త టీఏలకు సమగ్ర మార్గదర్శి

ఇంగ్లిష్‌లోనో భాషాశాస్త్రంలోనో పీహెచ్‌డీకి అమెరికా వెళ్లిన మనవాళ్లకి ఫండింగ్‌తో పాటు టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పనిగా తరచుగా వచ్చిపడేది ఒక ఫ్రెష్‌మన్ కంపోజిషన్ సెక్షన్, అంటే మొదటి ఏడాది విద్యార్థులకు రాయడం నేర్పే తరగతి. ఆగస్టులో దిగుతారు. కొద్ది రోజుల ఓరియెంటేషన్ అవుతుంది. ఆ వెంటనే 20 మంది పద్దెనిమిదేళ్ల పిల్లల ముందు నిలబడాలి. వాళ్లలో నర్సింగ్ వాళ్లుంటారు, ఇంజనీరింగ్ వాళ్లుంటారు, ఏం చదవాలో ఇంకా తేల్చుకోనివాళ్లూ ఉంటారు. ఇష్టపడి చేరినవాళ్లు ఒకరిద్దరు. మిగతావాళ్లకి ఇది డిగ్రీకి తప్పనిసరి కోర్సు. హార్వర్డ్‌లో 1885 నుంచి మొదటి ఏడాది రైటింగ్ తప్పనిసరి అయింది. మిగతా కాలేజీలు అదే దారి పట్టాయి. అప్పటినుంచీ ఈ కోర్సు మీద విద్యార్థుల ఫిర్యాదు మారలేదు: ఇది మాకెందుకు?

మన దగ్గర డిగ్రీ ఇంగ్లిష్ చదివి వెళ్లినవాళ్లకి రెండు అపోహలుంటాయి. ఇది గ్రామర్ క్లాసు అనుకోవడం ఒకటి, సాహిత్యం క్లాసు అనుకోవడం రెండోది. ప్రెసీ రైటింగ్, లెటర్ రైటింగ్, గైడు చూసి బట్టీపట్టిన ‘సైన్స్ వరమా శాపమా’ వ్యాసం మనకి అలవాటైన సరుకు. అవేవీ ఇక్కడ పనికిరావు. ఒక విద్యార్థి నాలుగు పత్రాలు చదివి, వాటి మధ్య తన మాట ఏమిటో తేల్చుకుని, దాన్ని చదివేవాడు ఒప్పుకునేలా రాసి, రాసినదాన్ని మళ్లీ విప్పి కట్టగలగాలి. కోర్సంతా ఇదే. ఆఖరి పని, అంటే విప్పి కట్టడం, అన్నిటికంటే కష్టం. హైస్కూల్లో దాదాపు ఎవరూ నేర్పనిదీ అదే. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి అడుగూ ఒక ప్రశ్నకే జవాబు వెతుకుతుంది: పిల్లవాడికి తిరగరాయడానికి సమయం ఎక్కడ దొరుకుతుంది, మీ వ్యాఖ్య ఆ సమయంలోపు వాడికి చేరుతుందా?

1. ముందు మీ గంటలు లెక్కేసుకోండి

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. టీఏ ఒప్పందం కూడా మామూలుగా అంతే ఉంటుంది. కాబట్టి కోర్సును మీ ఉత్సాహాన్ని బట్టి కాకుండా ఈ 20 గంటల్ని బట్టి కట్టాలి.

క్లాసుకు వారానికి రెండున్నర గంటలు పోతాయి (75 నిమిషాలవి రెండు, లేదా 50 నిమిషాలవి మూడు). ఆఫీస్ అవర్స్ 2 గంటలు. తయారీ 4 గంటలు, మొదటి సెమిస్టర్‌లో 6 వేసుకోండి. మెయిళ్లు, హాజరు, ప్రోగ్రాం మీటింగు కలిపి 2. అంటే పిల్లల డ్రాఫ్టులు చదవడానికి మిగిలేది ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర గంటలు.

ఒక డ్రాఫ్టు చదివి వ్యాఖ్య రాయడానికి 20 నిమిషాలనుకుంటే 20 మందికి 400 నిమిషాలు, అంటే 6 గంటల 40 నిమిషాలు. ఒక సెక్షన్ అయితే సరిపోతుంది. రెండు సెక్షన్లు ఇస్తే అది 13 గంటల 20 నిమిషాలై లెక్క తప్పుతుంది. అప్పుడు రెండు సెక్షన్ల గడువుల మధ్య కచ్చితంగా వారం తేడా పెట్టుకోండి. ఒకే రోజు 40 డ్రాఫ్టులు తీసుకున్నవాళ్లు వాటిని మూడు వారాల తర్వాత తిరిగిస్తారు. అప్పటికి పిల్లలు తర్వాతి అసైన్‌మెంట్‌లో ఉంటారు, మీరు రాసిందంతా వృథా. రైటింగ్ టీచర్ల జాతీయ సంస్థ సీసీసీసీ ఒక సెక్షన్‌లో 20 మందికి మించకూడదని, వీలైతే 15 మందే ఉండాలని సిఫారసు చేసింది. చాలా చోట్ల అంతకంటే ఎక్కువమందినే నింపుతారు. 24 మంది వస్తే అసైన్‌మెంట్ పొడవు తగ్గించండి, డ్రాఫ్టుల సంఖ్య మాత్రం తగ్గించకండి.

2. క్యాలెండర్‌ను చివరి నుంచి వెనక్కి రాయండి

ప్రోగ్రాం వాళ్లు ఇచ్చే నమూనా సిలబస్, లక్ష్యాల పత్రం ముందు చదవండి. చాలా యూనివర్సిటీల లక్ష్యాలకు ఆధారం రైటింగ్ ప్రోగ్రాం డైరెక్టర్ల మండలి 2000లో తెచ్చి 2014లో సవరించిన పత్రం. అందులో వ్యాకరణానికి ఎంత తక్కువ చోటిచ్చారో చూస్తే కోర్సు స్వభావం అర్థమవుతుంది.

ఫాల్ సెమిస్టర్ 15 వారాలు. ఆగస్టు చివరి వారంలో మొదలైతే సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే సెలవు, నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. థాంక్స్‌గివింగ్ 14వ వారంలో పడుతుంది. ఆ వారం ఎవరూ ఏమీ రాయరు. ఆ తర్వాత సోమవారం గడువు పెట్టడమంటే, పిల్లలు ఆదివారం రాత్రి విమానాశ్రయంలో కూర్చుని రాసింది చదవడానికి ఒప్పుకున్నట్టే. కాబట్టి పెద్ద పరిశోధన వ్యాసం గడువు 13వ వారం శుక్రవారం. అక్కణ్నుంచి వెనక్కి రండి:

- 13వ వారం: పరిశోధన వ్యాసం తుది ప్రతి
- 12: ఒక్కొక్కరితో కాన్ఫరెన్సు (విడిగా కూర్చుని డ్రాఫ్టు గురించి మాట్లాడటం), క్లాసులు రద్దు
- 11: మొదటి రోజు పీర్ రివ్యూ (పిల్లలే ఒకరి డ్రాఫ్టు ఒకరు చదివి వ్యాఖ్యానించడం), శుక్రవారానికి పూర్తి డ్రాఫ్టు
- 10: సోర్సుల జాబితా, ప్రతి సోర్సు కింద 4, 5 వాక్యాల్లో అది తన వాదనకు ఎలా పనికొస్తుందో
- 9: ఒక పేజీ ప్రతిపాదన
- 8: లైబ్రరీ సెషన్

మొదటి ఏడు వారాల్లో రెండు చిన్న వ్యాసాలు. ఒకటి, ఒకే వ్యాసాన్ని సంగ్రహించి జవాబివ్వడం (3 పేజీలు, సుమారు 900 పదాలు, 4వ వారానికి). రెండు, ఒక పత్రం తన పాఠకుణ్ని ఒప్పించడానికి ఏమేం చేస్తోందో విశ్లేషించడం (4 నుంచి 5 పేజీలు, 7వ వారానికి). పరిశోధన వ్యాసం 7 నుంచి 8 పేజీలు. చివరి రెండు వారాలు పోర్ట్‌ఫోలియోకి: ముందు రాసిన ఒక వ్యాసాన్ని పూర్తిగా తిరగరాసి, ఏం మార్చారో ఎందుకు మార్చారో రెండు పేజీల లేఖ జతచేయాలి.

ఇంకో వ్యాసం కలపాలని మీకు అనిపిస్తుంది. వద్దు. ఐదు వ్యాసాలు పెడితే తిరగరాసే వారాలే పోతాయి, కొత్త టీఏల సిలబస్‌లలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. లైబ్రరీ సెషన్‌కు మాత్రం మొదటి వారంలోనే బుక్ చేయండి. అక్టోబరులో అడిగితే దొరకదు.

3. సిలబస్‌లో తేల్చిచెప్పాల్సినవి

అమెరికాలో సిలబస్ పాఠ్యాంశాల పట్టిక మాత్రమే కాదు, నిబంధనల పత్రం కూడా. గొడవ వచ్చినప్పుడు డిపార్ట్‌మెంట్ మొదట అడిగేది ‘సిలబస్‌లో ఏముంది?’ అనే.

మార్కుల పంపకం ఇలా పెట్టుకోవచ్చు: మొదటి వ్యాసం 10 శాతం, రెండోది 20, పరిశోధన వ్యాసం 30, పోర్ట్‌ఫోలియో 15, డ్రాఫ్టులు, పీర్ రివ్యూ కలిపి 15, క్లాసులో రాసే చిన్న రాతలు 10. డ్రాఫ్టులకు విడిగా 15 శాతం ఉండటం ముఖ్యం. డ్రాఫ్టుకు మార్కులు లేకపోతే డ్రాఫ్టు రాదు. అయితే ఆ మార్కులు నాణ్యతకు ఇవ్వకండి. సమయానికి, చెప్పిన పొడవుతో తెచ్చారా లేదా అన్నదే చూడండి. నాణ్యతకు మార్కులు వేస్తే పిల్లలు డ్రాఫ్టులోనే నున్నగా చెక్కి తెస్తారు, ఆ తర్వాత దాన్ని ముట్టుకోవడానికి ఒప్పుకోరు.

ఆలస్యాల విషయంలో, సెమిస్టర్‌కు రెండుసార్లు కారణం చెప్పకుండా 24 గంటలు ఆలస్యంగా ఇవ్వొచ్చు, అంతకుమించితే రోజుకు ఒక గ్రేడు మెట్టు తగ్గుతుంది అని రాయండి. అమ్మమ్మల అనారోగ్యాలు నిజమో కాదో తేల్చే పని మీకు తప్పుతుంది.

యూనివర్సిటీ తప్పనిసరి అన్న పేరాలు (వైకల్యం ఉన్న విద్యార్థుల సదుపాయాలు, అకడమిక్ నిజాయితీ వగైరా) ఉన్నవి ఉన్నట్టు అతికించండి. వైకల్య సేవల ఆఫీసు నుంచి లేఖ తెచ్చిన విద్యార్థిని జబ్బేమిటని అడగకూడదు. లేఖలో ఉన్న సదుపాయం ఇవ్వాలి, అంతే.

మనవాళ్లు తెలియక తప్పటడుగు వేసే చోటు ఇంకొకటుంది. మన కాలేజీల్లో తల్లిదండ్రుల్ని పిలిపించడం మామూలు. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీ విద్యార్థి రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. అమ్మగారు ఫోన్ చేసి ‘మావాడు క్లాసుకి వస్తున్నాడా’ అని అడిగినా మీరు జవాబు చెప్పకూడదు. చట్టంలో మినహాయింపులున్నాయి, కానీ అవి వర్తిస్తాయో లేదో తేల్చాల్సింది రిజిస్ట్రార్ ఆఫీసు. మర్యాదగా డిపార్ట్‌మెంట్ నంబరు ఇచ్చి పెట్టేయండి. మార్కుల జాబితా గోడకు అంటించడం, దిద్దిన పేపర్ల కట్ట తలుపు బయట పెట్టి ఎవరిది వాళ్లు తీసుకోమనడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

4. మొదటి రోజు

సిలబస్ చదివి వదిలేయకండి. 75 నిమిషాల్లో మొదటి 10 పేర్లకు. మీ పేరు బోర్డు మీద రాసి ఎలా పలకాలో విడగొట్టి చూపించండి, ఏమని పిలవాలో మీరే చెప్పండి. చెప్పకపోతే సెమిస్టరంతా ‘హాయ్’ అనే మెయిళ్లు వస్తాయి. మొదటి పేరుతో పిలిచినా అది అగౌరవం కాదు. ‘సార్’, ‘మేడమ్’ కోసం ఎదురుచూడకండి.

తర్వాత 25 నిమిషాలు కాగితం మీద చేత్తో రాయించండి. ఒక పేజీ వ్యాసభాగం ఇచ్చి, రచయిత ఏమంటున్నాడో నాలుగు వాక్యాల్లో, మీరు ఎక్కడ ఒప్పుకోరో ఒక పేరాలో. దీనికి మార్కులుండవు. ఎవరు చదివింది పట్టుకోగలుగుతున్నారో, ఎవరికి వాక్యమే కష్టంగా ఉందో ఆ రాత్రే తెలుస్తుంది. ఆ కాగితాలు దాచండి. నవంబరులో ఎవరి వ్యాసం మీదైనా అనుమానం వస్తే, వాళ్ల సహజమైన రాత ఎలా ఉంటుందో చూసుకోవడానికి అవి ఉంటాయి. ఇంకో 25 నిమిషాలు రాసింది జంటలుగా పోల్చుకోవడానికి, మిగిలిన 15 సిలబస్‌లో గడువులకు, ఆలస్యం నియమానికి.

5. అసైన్‌మెంట్ పత్రం రాయడం

చెత్త వ్యాసాల్లో సగం చెత్త ప్రశ్నల వల్లే పుడతాయి. ‘వాతావరణ మార్పు మీద 8 పేజీలు రాయండి’ అంటే 20 మంది ఒకే వ్యాసం రాస్తారు, అందులో ఒక్క వాక్యమూ వాళ్లది కాదు. పత్రం ఒక పేజీ దాటకూడదు. అందులో ఉండాల్సినవి: చేయాల్సిన పని ఒకే క్రియాపదంతో, చదివే మనిషి ఎవరు, పొడవు, సోర్సులు ఎన్ని ఎలాంటివి, గడువులు, దేనికి మార్కులు. పరిశోధన వ్యాసానికి ఇలాంటిది పనిచేస్తుంది:

‘మీ ఊళ్లో గాని ఈ క్యాంపస్‌లో గాని గత 3 ఏళ్లలో మారిన ఒక నియమం తీసుకోండి. దాన్ని సమర్థిస్తూ రాసిన పత్రం ఒకటి, వ్యతిరేకిస్తూ రాసినది ఒకటి, ఆ విషయం మీద పరిశోధన పత్రాలు కనీసం రెండు చదవండి. రెండు పక్షాలూ సరిగ్గా ఎక్కడ విడిపోతున్నాయో చూపించి, ఆ నియమాన్ని మార్చే అధికారం ఉన్న వ్యక్తిని ఉద్దేశించి మీ వాదన రాయండి.’

దీనిలో విషయం చిన్నది, పాఠకుడు ఎవరో తెలుసు. పార్కింగ్ రుసుము, డైనింగ్ హాల్ వేళలు, హైస్కూల్లో ఫోన్ల నిషేధం లాంటివి వస్తాయి. గర్భస్రావం, తుపాకులు, మరణశిక్ష ఎంచుకోనివ్వకండి. అవి చిన్న విషయాలని కాదు. వాటి మీద వాదనలు ముందే అచ్చుపోసి ఉన్నాయి, పిల్లలు వాటిని దింపుకుంటారు.

6. క్లాసులో ఏం చేయించాలి

లెక్చరు 15 నిమిషాలు దాటితే మీరు దారి తప్పినట్టే. ప్రతి క్లాసులో పిల్లలు కనీసం 20 నిమిషాలు కలం పట్టాలి.

థీసిస్, అంటే వ్యాసం నిరూపించదలచిన ముఖ్య వాక్యం, విషయం తీసుకోండి. నిర్వచనం చెప్పి లాభం లేదు. ఒక బలహీనమైన వాక్యం బోర్డు మీద రాయండి: ‘సోషల్ మీడియా వల్ల లాభాలూ ఉన్నాయి నష్టాలూ ఉన్నాయి.’ దీన్ని కాదనే మనిషి భూమ్మీద ఉన్నాడా అని అడగండి. ఎవరూ కాదనలేని మాట వాదన కాదు. తర్వాత మూడు ప్రశ్నలు: ఎవరికి? ఏ పరిస్థితిలో? అయితే ఏం చేయాలి? జవాబులు కలిపితే పది నిమిషాల్లో ఇక్కడికి వస్తుంది: ‘తొమ్మిదో తరగతి పిల్లలకు స్కూలు వేళల్లో ఫోన్లు పూర్తిగా నిషేధించడం కంటే భోజన విరామంలో అనుమతించడమే మేలు, ఎందుకంటే పూర్తి నిషేధాన్ని అమలు చేసే భారం టీచర్ల మీద పడుతుంది.’ దీన్ని కాదనొచ్చు. కాబట్టి దీని మీద 7 పేజీలు రాయొచ్చు. తర్వాత ఎవరి వాక్యం వాళ్లు తీసి అదే పని చేయాలి.

ఐదు పేరాల వ్యాసాన్ని వెక్కిరించకండి. పరిచయం, మూడు కారణాలు, ముగింపు అనే ఆ మూసతోనే వాళ్లు పరీక్షలు గట్టెక్కారు. 40 నిమిషాల పరీక్షకి అది చాలు. 7 పేజీలకు వచ్చేసరికి మూడు కారణాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, ఏ పేరా ముందున్నా ఒకటే అవుతుంది. ఇది వాళ్లకు వాళ్లే చూడటానికి ఒక వ్యాయామం: వ్యాసాన్ని పేరాలవారీగా కత్తిరించి కలిపేసి పక్కవాళ్లకివ్వాలి, వాళ్లు వరస పేర్చాలి. పేర్చలేకపోతే లోపం ఎక్కడుందో మీరు చెప్పనక్కర్లేదు.

సోర్సులు వాడటం దగ్గర రెండు వారాలైనా ఆగాలి. ప్రతి కోట్‌కు మూడు భాగాలు: ఎవరు ఏ సందర్భంలో అన్నారో ముందు, తర్వాత కోట్, తర్వాత దాని నుంచి తానేం తేల్చుకుంటున్నాడో. ఒక వాక్యం కోట్ చేస్తే కనీసం రెండు వాక్యాలు తనవి ఉండాలని మొదట్లో లెక్క పెట్టండి. పారాఫ్రేజ్‌కి (సోర్సులోని మాటను సొంత మాటల్లో చెప్పడానికి): సోర్సు చదివి, మూసేసి, గుర్తున్నంతవరకు రాసి, మళ్లీ తెరిచి పోల్చాలి. తెరిచిపెట్టుకుని రాస్తే మాటమాటకీ పర్యాయపదం పెట్టడమే అవుతుంది. ఆ రకం రాత కనిపించగానే దొంగతనం అని ముద్ర వేయకండి. చదివింది పూర్తిగా అర్థం కానప్పుడు ఎక్కువమంది చేసేది అదే. డ్రాఫ్టులో కనిపిస్తే పాఠం చెప్పండి. చెప్పాక కూడా తుది ప్రతిలో ఉంటే అది వేరే విషయం.

సోర్సుల వివరాలు రాసే పద్ధతికి ఎమ్‌ఎల్‌ఏ శైలి అయితే 2021లో వచ్చిన 9వ ఎడిషన్, ఏపీఏ శైలి అయితే 7వది. ఒక్క క్లాసు చాలు. కామాల కోసం మూడు క్లాసులు ఖర్చుపెట్టేవాళ్లుంటారు. పుస్తకం ముందుంటే ఎవరైనా చూసి రాసుకోగలిగే పని అది.

7. పీర్ రివ్యూ

ఇద్దరిద్దరుగా పెడితే ఒకడు రాకపోతే రెండోవాడు ఖాళీ, పైగా ఇద్దరూ ఒకరినొకరు పొగుడుకుని ఊరుకుంటారు. ముగ్గురేసి పెట్టండి. ఒక్కో డ్రాఫ్టుకు 25 నిమిషాలు: 8 చదవడానికి, 7 రాయడానికి, 10 మాట్లాడటానికి. మూడు డ్రాఫ్టులకు 75 సరిగ్గా సరిపోతుంది. 50 నిమిషాల క్లాసైతే రెండు రోజులకు పంచండి.

‘అభిప్రాయం చెప్పండి’ అంటే ‘బావుంది, కొన్ని కామాలు చూసుకో’ అని వస్తుంది. కాగితం మీద మూడే పనులివ్వండి. ఈ వ్యాసం ఏం నిరూపించాలనుకుంటోందో నీ మాటల్లో ఒక వాక్యం. నువ్వు చదవడం ఆగిపోయిన, లేదా రెండోసారి చదవాల్సి వచ్చిన చోటు గీత గీయి. దీన్ని ఒప్పుకోని మనిషి అడిగే గట్టి ప్రశ్న ఒకటి రాయి. వ్యాకరణం దిద్దడం నిషేధం. మొదటి ప్రశ్నకు ఇద్దరు మిత్రులు రెండు వేరే జవాబులిస్తే, రాసినవాడికి అంతకంటే మంచి పాఠం మీరివ్వలేరు. డ్రాఫ్టు తేనివాణ్ని ఇంటికి పంపకండి. ఆ మార్కులు పోతాయి, కానీ చదివే పని మాత్రం చేయాలి.

8. డ్రాఫ్టు మీద వ్యాఖ్య

మీ శ్రమలో పెద్ద భాగం పడాల్సింది ఇక్కడే. తుది ప్రతి మీద ఎంత చక్కగా రాసినా విద్యార్థి గ్రేడు చూసి మూసేస్తాడు. డ్రాఫ్టు మీద రాసింది మాత్రం చదువుతాడు, ఇంకా గ్రేడు రాలేదు కాబట్టి.

మొదటిసారి కలం పక్కన పెట్టి మొత్తం చదవండి. మొదటి వాక్యం నుంచే దిద్దుకుంటూ పోతే మూడో పేజీకి వచ్చేసరికి, అసలు మొదటి రెండు పేజీలే అక్కర్లేదని తెలుస్తుంది. తర్వాత అంచుల్లో పేజీకి మూడు వ్యాఖ్యలు మించకుండా, చివర 100 నుంచి 150 పదాలు. చివరి వ్యాఖ్యలో మూడు విషయాలు: చదువరిగా మీకు అర్థమైనదేమిటి, అన్నిటికంటే పెద్ద సమస్య ఏది, రేపు కూర్చుని మొదట చేయాల్సిన పని ఏది.

పనికిరాని వ్యాఖ్య ఇలా ఉంటుంది: ‘అస్పష్టం. ఇంకా లోతుగా రాయాలి. నిర్మాణం సరిచూసుకో.’ ఇది ఏ వ్యాసం కిందైనా అతికించొచ్చు. పనికొచ్చేది: ‘మూడో పేజీ దాకా పార్కింగ్ రుసుము పెంచడం అన్యాయం అంటున్నావని అనుకున్నాను. నాలుగో పేజీలో బస్సులు పెంచితే రుసుము పెంచినా పర్వాలేదన్నావు. ఈ రెండోదే నీ అసలు వాదన అనిపిస్తోంది, ఎందుకంటే నీ దగ్గరున్న ఆధారాలన్నీ దానికే ఉన్నాయి. నాలుగో పేజీ రెండో పేరాను మొదటి పేజీకి తెచ్చి, మిగతా వాటిలో ఏవి నిలుస్తాయో చూడు.’ దీన్ని వేరే వ్యాసం కింద అతికించలేరు.

టైమర్ పెట్టుకోండి, 20 నిమిషాలకు ఆపండి. మంచి వ్యాసం మీద తక్కువ రాయాలనిపిస్తుంది, చెడ్డదాన్ని మీరే తిరగరాయాలనిపిస్తుంది. రెండూ వద్దు.

ఇక తప్పుల సంగతి. ఎర్ర సిరాతో పేజీ నింపడం మనకు బాగా అలవాటు, చిన్నప్పటి నోటుబుక్కుల ప్రభావం. విడిగా వ్యాకరణ పాఠాలు చెప్తే రాత మెరుగుపడదని ఇంగ్లిష్ టీచర్ల జాతీయ మండలి 1963లో వేసిన నివేదికే తేల్చేసింది. ఇలా చేయండి: తప్పున్న వాక్యం పక్కన అంచులో ఒక టిక్కు మాత్రం పెట్టండి, ఏ తప్పో చెప్పకండి. చాలావాటిని పిల్లలే పట్టుకుంటారు. పట్టుకోలేనివాటిలో మళ్లీమళ్లీ వచ్చేది ఏదో ఒక్కటి ఎంచి, దాన్ని మాత్రమే వివరించండి. అది అర్థాన్ని చెడగొట్టే తప్పయి ఉండాలి. చైనా, కొరియా విద్యార్థుల ‘ఎ’, ‘ది’ తప్పులు తీరడానికి ఏళ్లు పడుతుంది. ఒక్క సెమిస్టర్లో తీర్చాలని పూనుకుంటే వాళ్ల వాదన గురించి మాట్లాడే సమయమే ఉండదు.

మీ చెవికి తప్పనిపించిందల్లా తప్పు కాదు. అలాగే మీకు సహజంగా తోచేవి కొన్ని అక్కడ చెల్లవు. ‘ప్రీపోన్’, ‘డూ ద నీడ్‌ఫుల్’, ‘డౌట్ ఉంది’ (అక్కడ అది సందేహం అడగడం కాదు, నమ్మకం లేకపోవడం) మీ మెయిళ్లలో రాకుండా చూసుకోండి. నల్లజాతి విద్యార్థుల ఇంగ్లిష్‌కు దాని వ్యాకరణం దానికుంది. విద్యార్థులకు తమ భాషారూపం మీద హక్కుందని సీసీసీసీ 1974లోనే తీర్మానించింది. గిడుగు రామమూర్తి గారు వ్యావహారికం కోసం చేసిన పోరాటం చదివినవాళ్లకి ఈ చర్చ కొత్తగా అనిపించదు. ఆచరణలో మీరు చేయాల్సింది: ఏ పాఠకుడికి ఏ రూపం సరిపోతుందో విద్యార్థితో మాట్లాడటం, ‘తప్పు’ అనే ముద్ర మానేయడం.

9. కాన్ఫరెన్సులు

12వ వారంలో ఒక్కొక్కరికి 20 నిమిషాలు, 20 మందికి 6 గంటల 40 నిమిషాలు. క్లాసులు రద్దు చేస్తారు కాబట్టి రెండున్నర గంటలు కలిసొస్తాయి. అదనంగా ప్రతి డ్రాఫ్టునూ ముందు రోజు 12 నిమిషాలు చదవాలి, అంటే 4 గంటలు. ఈ వ్యాసానికి రాతపూర్వక వ్యాఖ్య ఇవ్వకండి, మాటే వ్యాఖ్య. అప్పుడే మీ 20 గంటల లెక్క నిలుస్తుంది.

విద్యార్థి వచ్చాక మొదటి మాట వాడిదే కావాలి: ‘దీంట్లో నీకు నచ్చని భాగం ఏది?’ సాధారణంగా సరిగ్గానే చెప్తారు. ఆఖరి 3 నిమిషాల్లో ఇప్పుడు ఏం చేయబోతున్నాడో వాడిచేతే కాగితం మీద రాయించండి. మీరు రాసిస్తే వంచి జేబులో పెట్టుకుంటాడు. తలుపు తెరిచే ఉంచండి.

10. గ్రేడు వేయడం

డ్రాఫ్టు మీద పని జరిగిపోయింది కాబట్టి తుది ప్రతికి 10 నిమిషాలు చాలు. పేర్లు కనపడకుండా చేసి చదవండి, పిల్లలు వ్యాసాలు పంపే కోర్సు సైట్లలో ఆ ఏర్పాటుంది. ముందు అన్నీ ఒకసారి చూసి మూడు కుప్పలు చేయండి, తర్వాతే అక్షరాలు వేయండి. మొదటి ఐదింటికి గట్టిగా, చివరి ఐదింటికి అలసటతో మెత్తగా వేయడం అందరూ చేసే పొరపాటు. మొదటి వ్యాసానికి ఇద్దరు తోటి టీఏలతో కూర్చుని, అవే మూడు వ్యాసాలకు ఎవరికి వారు గ్రేడు వేసి పోల్చుకోండి. మన దగ్గర 65 వస్తే ఫస్ట్ క్లాసు. అక్కడ 65 అంటే దాదాపు తప్పినట్టు. ఆ కొలత చేతికి రావడానికి ఒక సెమిస్టర్ పడుతుంది.

గ్రేడు మీద ఫిర్యాదుకు నియమం ముందే పెట్టండి: 24 గంటల తర్వాత, రాతపూర్వకంగా, వ్యాసంలో ఏ చోట తను కోరిన స్థాయి ఉందో చూపిస్తూ. సగం ఫిర్యాదులు ఆ రాత దగ్గరే ఆగిపోతాయి.

11. చాట్‌జీపీటీ రాసిన వ్యాసాలు

2022 నవంబరు తర్వాత ఈ కోర్సులో మొదటి ప్రశ్న ఇదే అయింది. యంత్రం రాసిందో కాదో చెప్తామనే డిటెక్టర్లను సాక్ష్యంగా వాడకండి. ఇంగ్లిష్ మాతృభాష కాని వాళ్లు సొంతంగా రాసిన వ్యాసాలను కూడా అవి ఎక్కువగా యంత్రం రాసినవిగా చూపిస్తున్నాయని 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. మీ క్లాసులో ఉన్న హైదరాబాదు కుర్రాడే మొదట ఇరుక్కుంటాడు.

పైన చెప్పిన క్రమమే పెద్ద రక్షణ. ప్రతిపాదన, సోర్సుల నోట్సు, క్లాసులో చేత్తో రాసిన పేరాలు, డ్రాఫ్టు, కాన్ఫరెన్సు అన్నీ ఉన్న చోట ఊడిపడిన వ్యాసం వెంటనే కనిపిస్తుంది. ఎడిట్ చరిత్ర నిల్వ ఉండే గూగుల్ డాక్స్‌లోనే రాయమనండి. ఎక్కడ వాడొచ్చో (ఆలోచనలు వెతకడం), ఎక్కడ కూడదో (వాక్యాలు రాయించడం) సిలబస్‌లో ఉదాహరణతో సహా రాయండి. ‘నిషిద్ధం’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటే స్పెల్లింగ్ దిద్దే సాధనం కూడా అందులోకి వస్తుందా అని వాదన మొదలవుతుంది.

అనుమానం వస్తే ముందు సోర్సులు నిజంగా ఉన్నాయో చూడండి, లేని పత్రాలను పుట్టించడం ఈ యంత్రాలకు అలవాటు. తర్వాత విద్యార్థిని పిలిచి, ఆరోపించకుండా, వ్యాసం ఎలా తయారైందో అడగండి. అప్పటికీ తేలకపోతే మీ సూపర్‌వైజర్‌కు చెప్పి, యూనివర్సిటీ నిర్ణయించిన దారిలో పంపండి. సొంతంగా సున్నా వేసి సరిపెట్టుకుంటే అప్పీలులో మీరే దోషిగా నిలబడతారు.

12. నడుమ వచ్చే చిక్కులు

క్లాసు మాట్లాడదు. ప్రశ్న అడిగి మూడు సెకన్లలో మీరే జవాబు చెప్పేస్తున్నారేమో చూసుకోండి. ముందు రెండు నిమిషాలు రాయించి తర్వాత అడిగితే చదివి వినిపించడానికైనా చేతులు లేస్తాయి.

యాస అర్థం కావట్లేదని ఎవరో రాస్తారు. 6వ వారంలో పేర్లు లేకుండా మూడు ప్రశ్నలు మీరే అడగండి: ఏది ఉపయోగపడుతోంది, ఏది లేదు, ఏం మార్చాలి. ముఖ్యమైన మాటలు బోర్డు మీద రాయడం, సూచనలు మాటతో పాటు స్క్రీన్ మీద పెట్టడం చాలావరకు సమస్య తీరుస్తాయి. వచ్చిన వాటిలో ఒక్కటైనా వెంటనే మార్చి, మార్చానని క్లాసులో చెప్పండి.

ఎవరైనా తమ వ్యాసంలో లైంగిక దాడి గురించో ఆత్మహత్య ఆలోచన గురించో రాయొచ్చు. రైటింగ్ టీచరు చేతికే ఇవి మొదట వస్తుంటాయి. చాలా యూనివర్సిటీల్లో టీఏలు కూడా లైంగిక వేధింపుల సమాచారాన్ని టైటిల్ నైన్ (చదువులో లింగ వివక్షను నిషేధించే చట్టం) ఆఫీసుకు తప్పనిసరిగా చెప్పాల్సినవాళ్లే. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకండి, మీరు ఆ మాట నిలబెట్టుకోలేరు. ప్రాణాపాయం అనిపిస్తే కౌన్సెలింగ్ సెంటర్‌కు అప్పటికప్పుడు ఫోన్ చేయండి. ఈ నంబర్లు మొదటి వారంలోనే మీ ఫోన్‌లో ఉండాలి.

రెండు వారాలు కనపడని విద్యార్థికి ఒక్క మెయిల్ పెట్టి, అడ్వైజర్‌కు తెలిసేలా యూనివర్సిటీ హెచ్చరిక వ్యవస్థలో నమోదు చేయండి. కోర్సు వదిలేసుకునే ఆఖరి తేదీ ఎప్పుడో వాళ్లకి మీరే గుర్తుచేయండి. ఆ తేదీ దాటాక ఎఫ్ గ్రేడు తప్పించుకోవడం కష్టం.

13. చివరి రెండు వారాలు

పోర్ట్‌ఫోలియోలో తిరగరాసిన వ్యాసానికి పాత ప్రతి కూడా జతచేయించండి. రెండూ పక్కపక్కన పెట్టి, వాక్యాలు మాత్రమే మారాయా, వాదనే మారిందా చూడండి. ‘కామాలు సరిచేశాను, పరిచయం పెంచాను’ అని లేఖలో ఉంటే అది తిరగరాత కాదు, ఆ మార్కులు ఇవ్వనక్కర్లేదు. ‘మొదటి వ్యాసంలో రచయితను పూర్తిగా తప్పనుకున్నాను, అతని రెండో కారణం నాకు ఇప్పుడు సబబుగా తోస్తోంది, అందుకే మధ్య భాగం తీసేశాను’ అని ఉంటే, వ్యాసం ఇంకా కుంటుతున్నా మంచి గ్రేడు ఇవ్వొచ్చు.

గ్రేడ్లు పంపే గడువు ఆఖరి పరీక్షల తర్వాత కొద్ది రోజులే ఉంటుంది, మీ సొంత సెమినార్ పేపర్లూ సరిగ్గా అప్పుడే పడతాయి. అందుకే పోర్ట్‌ఫోలియోను చివరి క్లాసు రోజునే తీసుకోండి, పరీక్షల వారం దాకా ఆగకండి. గ్రేడ్లు పంపాక విద్యార్థుల వ్యాసాలు, మీ లెక్కల పట్టిక ఎంతకాలం దాచాలో డిపార్ట్‌మెంట్ నియమం అడిగి తెలుసుకుని అంతవరకు ఉంచండి. గ్రేడు అప్పీళ్లు ఎక్కువగా జనవరిలో, మీరు ఇండియా నుంచి తిరిగొచ్చిన వారమే మొదలవుతాయి.